పరాయి రాష్ట్రంలో పాలబండి కొంటున్నారా?
చట్టప్రకారం ఇంటికి చేర్చే పద్ధతి

పాల సేకరణకు సొంత బండి వుంటే బాగుండుననే ఆలోచన మన సభ్య సంఘాల్లో ఏటా కొన్నింటికైనా కలుగుతూ వుంటుంది. కిరాయి బండి ఒక్కపూట ఆలస్యంగా వస్తే చాలు, క్యాన్లలోని పాలు పులిసి నష్టం సభ్యులందరి మీదా పడుతుంది. కనుక ఆలోచన మంచిదే. అయితే బండి ఎక్కడ కొనాలి అన్న దగ్గర చిక్కు వస్తుంది. హైదరాబాదులో పాతబండి చవకగా వుందనీ, మద్రాసులో ట్యాంకరు అమ్మకానికి వచ్చిందనీ, బెంగుళూరులో కొత్త బండి వెంటనే దొరుకుతుందనీ ఎవరో ఒకరు చెబుతారు. సంఘం డబ్బు కట్టి బండి తోలుకొచ్చాక, కాగితాలు సరిగా లేక బండి షెడ్డులో నిలబడిపోతే ఆ డబ్బు ఎవరిది? పూటకు రెండు లీటర్లు, మూడు లీటర్లు పోసి కూడబెట్టిన సభ్యులది. అందుచేత యీ విషయమై పామిడిముక్కల, ఉయ్యూరు, మొవ్వ, పామర్రు ప్రాంతాల సంఘాలకూ, తక్కిన సంఘాలకూ పనికివచ్చే సంగతులను యీ సంచికలో వివరిస్తున్నాము.

హైదరాబాదు కూడా పరాయి రాష్ట్రమే

చాలామంది మరచిపోయే సంగతి ఇది. 2014 జూన్ 2వ తేదీకి ముందు హైదరాబాదులో బండి కొని ఇక్కడ పేరు మార్పించుకోవటం ఒకే రాష్ట్రంలోని పని. ఆనాటి నుంచి జగ్గయ్యపేట దాటితే మరో రాష్ట్రం. తెలంగాణా బండ్లకు 2014 నుంచి టి.ఎస్. అక్షరాలు, 2024 మార్చి నుంచి టి.జి. అక్షరాలు వస్తున్నాయి. పాత టి.ఎస్. నెంబర్లు చెల్లుతాయి, అక్షరాలు మారినంత మాత్రాన అనుమానించనక్కర లేదు. కాని అక్కడి బండి ఏదైనా ఇక్కడికి శాశ్వతంగా రావాలంటే మద్రాసు బండికీ, బెంగుళూరు బండికీ వర్తించే పద్ధతే దానికీ వర్తిస్తుంది.

ఇక విజయవాడలో కొంటే? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి పోయినా, రాష్ట్రం ఒకటే గనుక యీ బాధ లేదు. పైగా 2019 నుంచి జిల్లాకొక అంకె పోయి, రాష్ట్రమంతటికీ కలిపి ఏ.పి.39తో నెంబర్లు మొదలైనాయి.

కొత్త బండి అయితే

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి 1989 జూలై 1 నుంచి అమలయింది. దాని 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డు మీద నడపరాదు. 40వ సెక్షను ప్రకారం బండి యజమాని నివాసమో, వ్యాపార స్థలమో ఏ రాష్ట్రంలో వుంటే ఆ రాష్ట్రపు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవాలి. మన సంఘం పామిడిముక్కలలో వుంటే బెంగుళూరులో కొన్న బండికి శాశ్వత నెంబరు మన రాష్ట్రంలోనే తీసుకోవాలి. మరి అక్కడి నుంచి ఇక్కడిదాకా బండి ఎట్లా వస్తుంది? అందుకే 43వ సెక్షను కింద తాత్కాలిక రిజిస్ట్రేషను పెట్టారు. దీన్నే మనవాళ్ళు టి.ఆర్. అంటారు.

డీలరు వద్ద బండి తీసుకునేటప్పుడు యీ కాగితాలు చేతికి రావాలి: సంఘం పేరుతో బిల్లు, 21వ నెంబరు ఫారం అనే అమ్మకపు సర్టిఫికెట్టు, 22వ నెంబరు ఫారం అనే తయారీదారు ఇచ్చిన యోగ్యతా పత్రం, టి.ఆర్. కాగితం, ఆ రోజు నుంచే అమలయ్యే ఇన్సూరెన్సు. డీలరు తన ట్రేడ్ నెంబరు పలక తగిలించి 'ఇంటికి తోలుకుపొండి' అంటే ఒప్పుకోవద్దు. ఆ పలక డీలరు తన వ్యాపార అవసరాలకు వాడుకునేందుకు ఇచ్చినది. కొన్నవారు ఊరు చేరటానికి కాదు.

పన్ను విషయంలో ఒక మాట. పూర్వం పరాయి రాష్ట్రం నుంచి బండి తెస్తే ప్రవేశ పన్ను అని ఒకటి వుండేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక అది పోయింది. సరుకు రవాణా బండ్ల మీద 28 శాతం వున్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. జి.ఎస్.టి. రేటు దేశమంతటా ఒకటే గనుక 'అక్కడ పన్ను తక్కువ' అన్న మాటలో యిప్పుడు పస లేదు. మోటారు వాహనాల పన్ను మాత్రం రాష్ట్రానికొక తీరుగా వుంటుంది. అది బండి ఎక్కడ తిరుగుతుందో అక్కడ కట్టాలి. పరాయి రాష్ట్రంలో కట్టి, మళ్ళీ ఇక్కడ కట్టి, అక్కడిది వాపసు కోసం తిరగటం కంటే టి.ఆర్. మీద తెచ్చుకుని ఇక్కడే కట్టటం మేలు.

బి.హెచ్. అక్షరాల నెంబరు తీసుకుంటే ఏ రాష్ట్రంలోనైనా తిరగవచ్చుగదా అని కొందరు అడుగుతున్నారు. 2021 సెప్టెంబరులో వచ్చిన ఆ పద్ధతి ప్రభుత్వోద్యోగులు, పలు రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల ఉద్యోగులు మొదలైనవారి సొంత వాడకపు బండ్లకు సంబంధించినది. పాలబండికి అది వర్తించదు.

టి.ఆర్. గడువు దాటితే ఏమవుతుంది?

ఇది అన్నిటికంటే ముఖ్యం గనుక రెండు నిజమైన కేసులు చెబుతాము. రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవే.

మొదటిది ఒక పికప్ బండిది. దాని ఇన్సూరెన్సు 2005 డిసెంబరు 12 నుంచి ఏడాదికి వుంది. టి.ఆర్. గడువు 2006 జనవరి 11తో అయిపోయింది. శాశ్వత రిజిస్ట్రేషను చేయించలేదు. ఫిబ్రవరి 2న ప్రమాదం జరిగి బండి దెబ్బతిన్నది. పాలసీ గడువు ఇంకా చాలా వుంది, ప్రీమియం కట్టివుంది. అయినా రిజిస్ట్రేషను లేని బండి రోడ్డు మీదికి రావటమే చట్ట విరుద్ధమనీ, పాలసీ షరతుకూ విరుద్ధమనీ, పరిహారం రాదనీ 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రెండవది అచ్చంగా మన సమస్యే. రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ వాసి ఒకరు పక్కనున్న పంజాబులో కొత్త బొలెరో కొన్నారు. టి.ఆర్. గడువు 2011 జూలై 19తో తీరింది. తరువాత పనిమీద జోధ్‌పూర్ వెళ్ళి, 28వ తేదీ రాత్రి బస చేసిన చోట బయట బండి పెట్టుకుంటే దొంగలు ఎత్తుకుపోయారు. దొంగతనానికీ రిజిస్ట్రేషనుకూ సంబంధమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. వినియోగదారుల ఫోరంలో ఆయనకే అనుకూలంగా తీర్పు వచ్చింది. కాని 2021 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. గడువు తీరిన బండిని అంతదూరం నడుపుకు వెళ్ళటమే పాలసీ మూలషరతుకు భంగమని చెప్పింది. తొమ్మిది రోజుల ఆలస్యం ఒక బండి ఖరీదును మింగింది.

కనుక టి.ఆర్. కాగితం మీద వేసిన ఆఖరు తేదీని సంఘం గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఆ తేదీలోగా బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి శాశ్వత నెంబరు తీసుకోవాలి. ఆ పని కాకముందే ఆ తేదీ దాటిపోతే, నెంబరు వచ్చేవరకు బండిని కదల్చవద్దు.

పాత బండి అయితే

పాత బండికి పని ఎక్కువ, జాగ్రత్త ఇంకా ఎక్కువ. వరుసగా చెబుతాము.

మొదట బండిని చూడండి, తరువాత కాగితాలు చూడండి, ఆ తరువాత రెండింటినీ కలిపి చూడండి. సి బుక్కులో వున్న ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు బండి మీద వున్నవేనా? చాసిస్ మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ అచ్చు ఎటుతిరిగీ దరఖాస్తుకు అంటించాలి గనుక బయానా ఇవ్వకముందే తీసుకోండి. అంకెల దగ్గర అరగదీసినట్లో, వెల్డింగు చేసినట్లో కనిపిస్తే బేరం మానుకోండి. పన్ను, ఎఫ్.సి., ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు ఏ తేదీవరకు వున్నాయో, చలానాలు బాకీ వున్నాయేమో, బ్యాంకు లేక ఫైనాన్సు పేరు సి బుక్కులో వుందేమో రవాణా శాఖ వారి కంప్యూటరు వివరాల్లో కూడా సరిచూసుకోవాలి.

ఫైనాన్సు వుంటే అది తీరినట్లు వారు సంతకం చేసిన 35వ నెంబరు ఫారం అమ్మేవారు తేవాలి. 'మీరు డబ్బు ఇవ్వండి, నేను తరువాత తీర్చుకుంటాను' అంటే కుదరదు. కావలిస్తే ఆ బాకీ మేరకు సంఘమే నేరుగా బ్యాంకుకు కట్టి, మిగతాది అమ్మేవారికి ఇవ్వవచ్చు.

తరువాతిది ఎన్.ఓ.సి., అంటే అభ్యంతరం లేదనే పత్రం. చట్టంలోని 48వ సెక్షను దీనికి సంబంధించినది. అమ్మేవారు తమ బండి రిజిస్టరు అయిన కార్యాలయంలో 28వ నెంబరు ఫారంతో దరఖాస్తు చేయాలి. ఆ బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల నివేదిక, ప్రభుత్వానికి బాకీ లేదన్న నిర్ధారణ చూసుకున్నాకే ఆ కార్యాలయం పత్రం ఇస్తుంది. పత్రం ఏ కార్యాలయం పేరున ఇస్తున్నారో సరిచూసుకోండి. మనకు కృష్ణా జిల్లా కార్యాలయం పేరుండాలి. పేరు తప్పుగా పడితే దిద్దించటానికి మళ్ళీ రైలెక్కవలసి వస్తుంది. ఎన్.ఓ.సి. చేతికి రాకముందు పూర్తి సొమ్ము చెల్లించవద్దు.

దానితోబాటు అమ్మకాన్ని తెలిపే 29వ నెంబరు ఫారం, పేరు మార్పిడికి 30వ నెంబరు ఫారం అమ్మేవారి సంతకాలతో తీసుకోవాలి. సంతకం సి బుక్కులో పేరున్న వ్యక్తిదే కావాలి. ఆయన వేరొకరికి అమ్మి, ఆ రెండవవారు పేరు మార్పించుకోకుండా మనకు అమ్ముతుంటే, అటువంటి బండి ఎంత చవకైనా వద్దు.

ముప్ఫై రోజులా, పన్నెండు నెలలా?

ఇక్కడ చాలామంది తికమక పడుతున్నారు. పరాయి రాష్ట్రపు నెంబరుతో ఏడాది తిరగవచ్చునని చెప్పేవారున్నారు. వారు సగమే చెబుతున్నారు.

యజమాని అదే మనిషి అయి, బండితో సహా మరో రాష్ట్రానికి మారితే, 12 నెలలు దాటి అక్కడ వుంచేటట్లయితే కొత్త నెంబరు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతుంది. కాని బండి చేతులు మారితే 50వ సెక్షను వర్తిస్తుంది. కొన్నవారు 30 రోజుల్లో తమ కార్యాలయానికి తెలియజేయాలి. అమ్మినవారు వేరే రాష్ట్రపు బండి విషయంలో 45 రోజుల్లో పత్రాలు పంపాలి. అంటే మన సంఘం కొన్న పాతబండికి మొదటి గడువు ముప్ఫై రోజులే. ఆ దరఖాస్తుతోబాటు 27వ నెంబరు ఫారం కూడా ఇచ్చి మన రాష్ట్రపు నెంబరుకు అడిగితే రెండు పనులూ ఒకేసారి తెములుతాయి.

ఇన్సూరెన్సుకు మరో గడువు వుంది. 157వ సెక్షను ప్రకారం బండితోబాటు ఎదుటివారి నష్టానికి సంబంధించిన పాలసీ కొన్నవారికి సంక్రమిస్తుంది. అయితే 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. మన బండికి జరిగే నష్టం కూడా రావాలంటే పాలసీ మన పేర వుండి తీరాలి.

ఖాళీగా తేవాలి

దారిలో ఎటూ ఖాళీయే గదా, నాలుగు దాణా బస్తాలో, ఎవరిదో సామానో వేసుకొస్తే డీజిలు ఖర్చు వస్తుందని ఆశ పుడుతుంది. ఆ ఆశ వద్దు.

సరుకు బండికి పర్మిట్ వుండాలన్నది 66వ సెక్షను. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. టి.ఆర్. మీద వున్న బండి రిజిస్ట్రేషను కోసం ఖాళీగా వెళుతుంటే పర్మిట్ అక్కరలేదు. 'ఖాళీగా' అన్న మాట చట్టంలోనే వుంది. లోడుతో కలిపి మొత్తం బరువు 3000 కిలోలు మించని సరుకు బండ్లకు కూడా పర్మిట్ అక్కరలేదు. అంతకు పెద్ద పాతబండి అయితే, అమ్మినవారి పర్మిట్ మనది కాదు. అటువంటి బండికి 87వ సెక్షను కింద తాత్కాలిక పర్మిట్ తీసుకుని, మన రాష్ట్రపు పన్ను ముందుగా కట్టి బయలుదేరటం క్షేమం.

2019లో చట్టాన్ని సవరించాక పర్మిట్ లేకుండా నడిపితే జరిమానా 10,000 రూపాయలు; ఆరు నెలలవరకు జైలు కూడా వుంది. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000, మళ్ళీ పట్టుబడితే 4,000. రిజిస్ట్రేషను లేకపోతే మొదటిసారే 2,000 నుంచి 5,000 వరకు. ఇవి పైకి కనిపించే నష్టాలు. పర్మిట్ లేని బండి వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తరువాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చునని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. యజమాని అంటే ఇక్కడ సంఘమే.

డ్రైవరు సంగతి. 7500 కిలోలు మించని సరుకు బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంతకు పెద్ద ట్యాంకరు అయితే భారీ వాహనాల లైసెన్సు వున్నవారినే వెంటబెట్టుకు వెళ్ళండి.

హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. అక్కడి నుంచి బందరు రోడ్డున మన ఊళ్ళకు చేరాలి. టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్ లేకపోతే ఎక్కువ కట్టాలి. పాతబండి అద్దం మీద అమ్మినవారి ఫాస్టాగ్ వుంటే తీయించి, సంఘం పేర కొత్తది పెట్టించండి. తెలియని బండిని రాత్రిపూట తేవద్దు. తెల్లవారి బయలుదేరితే పొద్దుండగానే ఇల్లు చేరవచ్చు.

చవక బేరాల వెనుక కథ

ఉత్తరాది నుంచి వచ్చే పాత డీజిలు బండ్లు ఎందుకు చవక? ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశించాయి. తరువాత ఆ ఆంక్షల్లో మార్పులు వచ్చినా, అప్పటి నుంచి అక్కడి పాతబండ్లు దక్షిణాదికి రావటం ఎక్కువైంది. అవన్నీ చెడ్డవని మేము అనటం లేదు. కాని సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఎఫ్.సి. ఏటా చేయించాలి. పదేళ్ళ బండి కొంటే ఆ ఖర్చు మొదటి సంవత్సరం నుంచే మీద పడుతుంది.

ఎన్.ఓ.సి. వుంటే అన్నీ సక్రమమేనని కూడా అనుకోరాదు. బి.ఎస్.3 బండ్ల అమ్మకం, రిజిస్ట్రేషను 2017 ఏప్రిల్ 1 నుంచి సుప్రీంకోర్టు నిలిపివేసింది. అటువంటి లారీలను తుక్కు కింద కొని, నాగాలాండులో బి.ఎస్.4 బండ్లుగా రిజిస్టరు చేయించి, ఎన్.ఓ.సి.ల మీద అనంతపురం జిల్లాకు తెచ్చారన్న ఆరోపణపై 2020లో మన రాష్ట్రంలో కేసులు నమోదైనాయి. తప్పుడు పత్రాలతో పొందిన రిజిస్ట్రేషనును రద్దు చేసే అధికారం 55వ సెక్షను కింద వుంది. అటువంటి బండి తెలియక కొన్నవారికి కూడా చివరికి మిగిలేది ఇనుమే. బండి తయారైన నెల, సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషను తేదీ పొంతన కుదురుతున్నాయో లేదో చూడాలి. రెంటి మధ్య ఏడాదికి మించి తేడా వున్నా, తయారైన చోటికీ తిరిగిన చోటికీ సంబంధం లేని దూరపు రాష్ట్రంలో మొదటి రిజిస్ట్రేషను జరిగివున్నా గట్టిగా విచారించండి.

ఎంత బండి కావాలి?

నలభై లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోల పైచిలుకు. క్యాను బరువు కలిపితే సుమారు 50 కిలోలు. సి బుక్కులో ఖాళీ బరువు 1700 కిలోలు, లోడుతో 3000 కిలోలు అని వున్న బండిని ఉదాహరణకు తీసుకుందాము. తేడా 1300. డ్రైవరుకూ సహాయకుడికీ 150 తీసివేస్తే 1150. అంటే 23 నిండు క్యాన్లు. మీ మార్గంలో పూటకు 40 క్యాన్లు వస్తుంటే ఆ బండి చాలదు. పర్మిట్ అక్కరలేని బండి అని కొని, రోజూ రెట్టింపు బరువు వేస్తే తప్పించుకున్నది ఏమీ లేదు.

ట్యాంకరు కొనేవారు మరొకటి చూడాలి. సి బుక్కులో బాడీ రకం ట్యాంకరనే వుండాలి. మామూలు బండికి తొట్టి బిగించి వుంటే 52వ సెక్షను కింద అది అనుమతి లేని మార్పు అవుతుంది. ఆ తొట్టిలో యింతకుముందు ఏమి తోలారో రాతపూర్వకంగా తీసుకోండి. రసాయనాలు తోలిన తొట్టి ఎంత కడిగినా పాలకు పనికిరాదు.

సంఘంలో చేయవలసిన పనులు

బండి సంఘం పేరుతోనే కొనాలి. అధ్యక్షులవారి పేరుతోనో కార్యదర్శిగారి పేరుతోనో కొనరాదు. పాలకవర్గంలో తీర్మానం చేసి, ఏ బండి, ఎంత ధరకు మించకుండా, సంతకం ఎవరు పెట్టాలి అన్నది అందులో రాయించండి. ఆ తీర్మానం నకలు, సంఘం రిజిస్ట్రేషను పత్రం, పాన్ కార్డు రవాణా కార్యాలయంలో అడుగుతారు. సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లించండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవటం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కూడదు. పైగా రేపు సభ్యుల సమావేశంలో లెక్క చెప్పవలసినప్పుడు బ్యాంకు కాగితమే మీకు సాక్షి.

మన పాతబండిని అమ్మేటప్పుడు కూడా ఇంత జాగ్రత్తా అవసరమే. 2007లో బండి అమ్మేసిన ఒకాయన పేరు సి బుక్కులో అలాగే వుండిపోయింది. ఆ తరువాత అది మరికొన్ని చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగితే, రిజిస్ట్రేషనులో పేరున్నవాడే యజమాని అనీ, పరిహారం బాధ్యత ఆయనదేననీ 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక కొన్నవారు పేరు మార్పించుకున్నారని తెలిసేవరకు ఫైలు మూయవద్దు.

చివరగా ధర లెక్క. పరాయి రాష్ట్రపు బండి ధరకు రెండుసార్ల ప్రయాణ ఖర్చు, ఎన్.ఓ.సి. ఫీజు, తాత్కాలిక పర్మిట్, మన రాష్ట్రపు పన్ను, ఇన్సూరెన్సు, కొత్త నెంబరు పలక, ఎఫ్.సి. మరమ్మతులు, పేరు మారేవరకు కిరాయి బండికి ఇచ్చే డబ్బు కలపండి. దాన్ని విజయవాడలోనో, గుడివాడలోనో, బందరులోనో దొరికే అటువంటి బండి ధర పక్కన పెట్టి చూడండి. ఇంకా మిగులు కనిపిస్తే నిర్భయంగా వెళ్ళి కొనండి. మిగులు కనిపించకపోతే దగ్గరి బండే మంచి బండి.

బయలుదేరే ముందు యీ వ్యాసాన్ని పాలకవర్గ సమావేశంలో ఒకసారి చదివించి, మీ పరిధిలోని రవాణా కార్యాలయంలో ఆనాటి ఫీజులు, పన్ను అడిగి తెలుసుకోవలసిందిగా సభ్య సంఘాలను కోరుతున్నాము.